ఫోటో దిగడం

మా జిన్నారం దిక్కు ఫోటో తీయరు, దించుతారు. తీయించుకునేవాళ్లు దిగుతారు. ‘పెండ్లిల అందరం కలిసి ఫోటో దిగినం’ అంటారు. ‘జర మంచిగ దించు’ అంటారు. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. అందులో దిగడం ఎందుకొచ్చిందో ఎన్నడూ ఆలోచించలేదు. నలభై దాటినాక, భాద్రపదం చివరి రోజుల్లో ఒకనాటి తెల్లవారుజామున, పొలం గట్టు మీద బోర్లా పడుకుని, గడ్డం తడిమట్టికి ఆనించి, నల్లగుడ్డలో తల దూర్చినప్పుడు ఆ మాట నాకు కొత్తగా వినిపించింది.

ముందు కెమెరా సంగతి చెప్పాలి. అది మా చిన్నాయనది. సంగారెడ్డిలో ఒక స్టూడియోలో ఆయన ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. స్టూడియో మూసేసిన రోజు యజమాని ఆయన చేతుల్లో పెట్టిన కర్ర కెమెరా ఇది. కేరళలోని అలప్పుళలో తయారైన వాగీశ్వరి. సంగీత వాద్యాల పని చేసే కుటుంబం 1940ల్లో మొదలుపెట్టిన కార్ఖానా అది. హార్మోనియం తిత్తి మడతలు తెలిసిన చేతులకు కెమెరా తిత్తి కుట్టడం కష్టమనిపించి ఉండదు. చిన్నాయన దాంతో బడిపిల్లల గ్రూపు ఫోటోలు, పెళ్లిళ్లు, చివరిచూపులు అన్నీ దించాడు. నేను దాని వెనక భాగాన్ని వడ్రంగి చేత మార్పించి, 4×5 అంగుళాల షీట్ ఫిల్ము పట్టేలా చేయించుకున్నాను. ఒక్కో బొమ్మకు ఒక్కో షీటు. ఒక షీటు పాడైతే ఒక పూట కూలి పోయినట్టే.

కెమెరా వెనక ఒక గరుకు అద్దం ఉంటుంది. లెన్స్ గుండా వచ్చిన బొమ్మ దాని మీద పడుతుంది, తలకిందులుగా. కుడి ఎడమకు, ఎడమ కుడికి మారుతుంది. బయటి వెలుతురు తగిలితే ఆ బొమ్మ వెలిసిపోతుంది కాబట్టి నల్లగుడ్డ కప్పుకోవాలి. చూసి, సరిచేసి, షట్టర్ మూసి, ఫిల్ము హోల్డరు దూర్చి, దాని పలక లాగి, అప్పుడు తీగ నొక్కాలి. హోల్డరు దూర్చిన తరువాత అద్దం మీద ఇక ఏమీ కనిపించదు. నొక్కే క్షణంలో నువ్వు బొమ్మను చూడవు, నీ కళ్లతో ఎదుట ఉన్నదాన్నే చూస్తావు. ఈ ఒక్క సంగతి కోసమే నాకు ఈ కెమెరా అంటే ప్రాణం.

ఇది నిలబడి పనిచేసే మనిషి కోసం చేసిన వస్తువు. స్టాండు కాళ్లు ఎంత ఎడం చేసినా నడుము కిందికి దిగదు. నేను స్టాండు మానేసి, ఒక చెక్కపలకకు బోల్టు బిగించి, ఇసుక సంచి మీద పెట్టాను. లెన్స్ నేలకు జానెడున్నర ఎత్తులోకి వచ్చింది. మొదటి రోజు తిత్తి కింద మడతలు జారి మంచుకు తడిశాయి. రెండో రోజు షట్టర్ మూయకుండానే పలక లాగేశాను, షీటంతా మాడిపోయింది. మూడో రోజు చీమలు. నాలుగో రోజుకు గాని ఆ ఎత్తులో లోకం ఎలా ఉంటుందో తీరిగ్గా చూడటం కుదరలేదు.

కిందినుంచి ఫోటో అనగానే మనకు సినిమా గుర్తొస్తుంది. కారు తలుపు తెరుచుకుంటుంది, బూటు నేల మీద పడుతుంది, కెమెరా ఆ బూటు పక్క నుంచి పైకి లేస్తుంది, హీరో ఆకాశమంత అవుతాడు. 1941లో వచ్చిన ‘సిటిజన్ కేన్’ తీసినప్పుడు ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ కెమెరాను ఇంకా కిందికి దించడానికి సెట్లో నేలనే తవ్వించాడు. ఆ చూపుకు ఒక అర్థం స్థిరపడిపోయింది. కింద ఉన్నవాడు తలెత్తి చూస్తున్నాడు, పైనున్నవాడు గొప్పవాడు. మా ప్రాంతానికి వచ్చి ఫోటోలు తీసేవాళ్లు కూడా కార్ఖానా చిమ్నీలను అట్లాగే తీస్తారు, కెమెరాను పైకి ఎత్తి. చిమ్నీ వెనక్కి వాలుతుంది, సన్నబడుతుంది, మేఘాల్లోకి పోతుంది. చూసేవాడికి భయమో భక్తో కలుగుతుంది. ఒకప్పుడు నేనూ అట్లాగే తీశాను.

పెద్ద కెమెరా నాకు ఇంకో దారి చూపించింది. కిందికి దిగాలి గానీ తల ఎత్తకూడదు. వెనక అద్దాన్ని తూకంగుండు పెట్టినట్టు నిటారుగా ఉంచి, చిమ్నీ కొస అందకపోతే లెన్స్ ఉన్న ముందు పలకను మాత్రమే కొంచెం పైకి జరపాలి. అప్పుడు చిమ్నీ వాలదు, ఉన్నదున్నట్టు నిలబడుతుంది. మామూలు చిన్న కెమెరాలో, ఫోనులో ఈ వీలు ఉండదు. మొత్తం కెమెరాను ఎత్తాల్సిందే, ఎత్తగానే గీతలన్నీ ఒకదాని మీదికొకటి వాలతాయి. నేలకు ఆని ఎదురుగా చూడటం, నేల మీద పడి పైకి చూడటం, ఈ రెండింటికీ పొలంలో పనిచేసేవాడికీ కాళ్ల మీద పడ్డవాడికీ ఉన్నంత తేడా ఉంది.

ఎదురుగా చూసినప్పుడు ఒకటి జరుగుతుంది. నేల చదునుగా ఉన్న చోట, దూరాన నేలా ఆకాశం కలిసే గీత ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే ఉంటుంది. నిలబడితే అయిదడుగుల ఎత్తులో. మన కన్నా పొట్టివన్నీ ఆ గీత కింద మట్టిలో కలిసిపోయి కనిపిస్తాయి, మన కన్నా పొడుగువి మాత్రమే దాన్ని దాటి ఆకాశంలోకి వస్తాయి. నిలబడ్డ మనిషికి మా ఊళ్లో ఆ గీత దాటేవి తాటిచెట్లు, కరెంటు స్తంభాలు, నీళ్ల ట్యాంకు, చిమ్నీలు. కంటిని అడుగు ఎత్తుకు దించగానే ఆ గీత కూడా దిగుతుంది. అప్పుడు తుమ్మమొలక దాన్ని దాటుతుంది. కోడిపెట్ట తల దాటుతుంది. గట్టు మీది గడ్డి దాటుతుంది. వాటిని ఎవరూ పెంచలేదు, నువ్వు దిగావు, అంతే.

రాజా దీన్‌దయాళ్ చిత్రాలు నేను పుస్తకాల్లో గంటలకొద్దీ చూశాను. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో కొలతల పనిచేసి, తరువాత హైదరాబాదుకు వచ్చి ఆరో నిజాముకు ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆయన గాజు పలకలు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. పెద్ద కెమెరాతో ఈ గడ్డ మీద అంత పని చేసినవాడు ఇంకొకడు లేడు. ఆ నెమ్మదికి, ఆ గీతల శుద్ధికి నేను మొక్కుతాను. కానీ నేను చూసిన ఆ చిత్రాల్లో కెమెరా ఎప్పుడూ నిలబడే ఉంటుంది, లేదా ఏ మేడ మీదో ఉంటుంది. మహలును, దర్బారును, వేటలో పడిన పులిని చూడటానికి అదే తగిన ఎత్తు. పులి పక్కన నలిగిన గడ్డి ఎత్తుకు దిగాలని దర్బారు ఎవరినీ అడగదు. వంద సంవత్సరాల తరువాత, వరంగల్ నుంచి వచ్చిన భరత్ భూషణ్ తెలంగాణ ఇళ్ల తలుపుల ముందు, వాకిళ్ల ముందు, బతుకమ్మల ముందు కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. 2022లో ఆయన పోయినప్పుడు నాకు సొంత మనిషి పోయినట్టనిపించింది. ఆయనది చిన్న కెమెరానే, కానీ చూపు దిగిన చూపు.

ఇక లెక్క. ఇది కాస్త ఓపికగా వినాలి, ఎందుకంటే నా మనసు మార్చింది ఈ లెక్కే. దగ్గరి మట్టిపెళ్ల నుంచి దూరాన కొండ దాకా నేలంతా స్పష్టంగా రావాలంటే లెన్స్‌ను కొంచెం ముందుకు వంచుతారు. అట్లా వంచినప్పుడు లెన్స్ తలం, ఫిల్ము తలం, స్పష్టత ఉండే తలం, మూడూ ఒకే గీత దగ్గర కలుసుకుంటాయి. దీన్ని షైమ్‌ప్లగ్ సూత్రం అంటారు. థియోడర్ షైమ్‌ప్లగ్ ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్. గాలిలో ఎగిరే బెలూన్ల నుంచి తీసిన ఫోటోలతో పటాలు గీయాలని ఆయన తపన, 1904లో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆకాశం నుంచి నేలను చూడటానికి ఆయన పట్టుకున్న సూత్రం నేలకు ఆనుకుని పడుకున్న నాకు పనికొచ్చింది.

ఎంత వంచాలన్నది కెమెరా ఎత్తును బట్టి ఉంటుంది. 150 మిల్లీమీటర్ల లెన్స్ నిలబడ్డ మనిషి ఎత్తులో, అంటే 150 సెంటీమీటర్ల మీద ఉంటే, 6 డిగ్రీలు వంచితే చాలు. అదే లెన్స్‌ను 30 సెంటీమీటర్లకు దించితే 30 డిగ్రీలు వంచాలి. అంత వంపుకు తిత్తీ ఒప్పుకోదు, లెన్స్ పంపే వెలుతురూ ఫిల్మంతా పరుచుకోదు. 15 సెంటీమీటర్లకు దించితే ఇక ఏ వంపూ చాలదు, లెక్కే తెగిపోతుంది. నేను 90 మిల్లీమీటర్ల లెన్స్‌కు మారాను. 30 సెంటీమీటర్ల ఎత్తులో దానికి 17 డిగ్రీలు దాటి వంచాలి. కష్టం మీద కుదిరింది. నేలకు దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ వంగాలని ఇత్తడి మరలు నాకు డిగ్రీలతో సహా చెప్పాయి.

అట్లా వంచి చూస్తే నేల మొత్తం అద్దం మీద మెరిసింది. దగ్గరి ఇసుకరేణువు, నడిమిట్ల నాగలి చాలు, చివరన గోడ, అన్నీ పదునుగా. కానీ గట్టు మీద నిలబడ్డ మొక్కల తలలు మసకబారాయి. స్పష్టత నేల వెంట చాప పరిచినట్టు పరుచుకుంది, లెన్స్‌కు దగ్గర్లో ఆ చాప మందం మరీ తక్కువ. నేల మీద నుంచి పైకి లేచిన ఏదైనా ఆ చాపను దాటి మసకలోకి పోతుంది. నేలను పట్టుకుంటే నేల మీద నిలబడ్డది జారిపోతోంది. చాలాసేపు మరలు తిప్పుతూ పడుకున్నాను. రెండూ కావాలని ఉంది, రెండూ రావు.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకు ఈ తర్జనభర్జన సాంకేతికం అనిపిస్తుంది. జిన్నారం 2016 అక్టోబరు 11 దాకా మెదక్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఒక పక్క బొల్లారం, ఇంకో పక్క గడ్డపోతారం, ఖాజీపల్లి, అటు బొంతపల్లి. దక్షిణాన పటాన్‌చెరు, పాశమైలారం. మందులు, రసాయనాలు, ఇనుము. పొలానికీ పొలానికీ నడుమ కార్ఖానా ప్రహరీ. ఇదే పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వచ్చింది, ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే చోట దొరికే నేల కాబట్టి మెట్టపంటల పరిశోధనకు సరిపోయింది. అదే నేల మీదికి కార్ఖానాలూ వచ్చాయి. రాత్రిపూట గాలి ఇటు మళ్లితే మా ఇంట్లో కిటికీలు మూసుకుంటాం.

వాన పడ్డాక ఇక్కడ తీయదగిన ఫోటో ఒకటి అందరికీ దొరుకుతుంది. లెన్స్‌ను నీళ్లకు దగ్గరగా పెడితే నులకమంచమంత గుంటలో చిమ్నీ దాదాపు మొత్తం పడుతుంది. నిలబడి చూస్తే అదే గుంటలో మబ్బు ముక్క తప్ప ఏమీ కనిపించదు. నీళ్ల మీద నూనె రంగులు తేలుతుంటాయి, చాలా అందంగా ఉంటుంది. నేను ఆ ఫోటో తీయను. పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మనం ఇన్ఫెక్షన్లకు వేసుకునే యాంటీబయాటిక్ మందు, వదిలేసిన నీళ్లలో. ఆ 31 మిల్లీగ్రాములకు రంగు లేదు, నీడ లేదు. ఏ లెన్స్‌కూ అవి దొరకవు. కనిపించని దాన్ని దాచిపెట్టే అందాన్ని ఫ్రేములో పెట్టి గోడకు కొట్టడానికి నా చెయ్యి రాదు.

తీసిన ఒక ఫోటో గురించి చెబుతాను. గడ్డపోతారం రోడ్డు పక్కన, పొద్దున ఆరుగంటల షిఫ్టు మారే వేళ, అడుగు ఎత్తులో కెమెరా. అర సెకను వెలుతురు ఇచ్చాను. రాత్రి షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు, పగటి షిఫ్టు ఎక్కబోతున్నవాళ్లు, బీహారు, ఒడిశా, మా ఊరివాళ్లు. నడిచే కాళ్లన్నీ పొగలా వచ్చాయి. ఒక్కడు చెప్పు వార తెగి ఆగాడు. వంగి వార సరిచేసుకుంటున్న అతని వేళ్లు, మడమ పగుళ్లు, ప్యాంటు అంచుకు అంటిన తెల్లటి పొడి, అవి మాత్రం పదునుగా నిలిచాయి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కార్ఖానాలో పేలుడు జరిగి నలభైమందికి పైగా చనిపోయారు. టీవీలో రోజంతా పైకప్పు లేచిపోయిన కట్టడాన్నే చూపించారు. నేను మాత్రం ఆ షీటును పెట్టె నుంచి తీసి, కిటికీకి ఎదురుగా పట్టుకుని, ఆ మడమను చూస్తూ కూర్చున్నాను. అప్పటి నుంచి చిమ్నీలను తలెత్తి తీయడం మానేశాను.

మళ్లీ గట్టు మీదికి వస్తాను. నేను తీయాలనుకున్నది గునుగు. బతుకమ్మకు వారం ముందు మా గట్లన్నీ గునుగుతో తెల్లబడతాయి. ఎవరూ విత్తరు, కలుపుమొక్కే. మోకాలెత్తు కాడ, కొసన వెండి తెలుపు కంకి, చివర లేత గులాబీ రంగు. దగ్గర్నుంచి చూస్తే ఒక్కో కంకిలో వందల చిన్న పూలు, ఎండుగడ్డిలా బిరుసుగా, ఒకదానిపై ఒకటి పేర్చినట్టు. ముట్టుకుంటే సన్నగా చప్పుడవుతుంది. కింది పూలు విచ్చి తెల్లబడితే పై కొసన ఇంకా విచ్చనివి ఎరుపు పట్టుకుని ఉంటాయి. ఆ తెల్లవారుజామున ప్రతి కంకికీ మంచు పట్టింది, ఒక కంకి మీద చీమ మంచుబొట్టును చుట్టి పోతోంది. గునుగుకు వెనకగా, చాలా దూరాన, చిమ్నీ. జానెడున్నర ఎత్తు నుంచి చూస్తే గునుగు చిమ్నీని దాటి ఆకాశంలోకి పోయింది.

నల్లగుడ్డ బయట అడుగుల చప్పుడైంది.

‘‘ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా? ఏం పోయింది?’’

గుడ్డ తీసి చూస్తే ఒక అవ్వ. నడుముకు చీరకొంగుతో ఒడి కట్టుకుంది, చేతిలో కొడవలి. గునుగు కోయడానికి వచ్చింది. ఏమీ పోలేదవ్వా, ఫోటో దించుతున్నా అన్నాను.

‘‘పండుకోనా?’’

పూవు ఎత్తులో ఉండాలి కదా అన్నాను. ఆమె కొంచెం సేపు గునుగునూ కెమెరానూ మార్చి మార్చి చూసింది. ‘‘మేము కలుపు తీసేటప్పుడు గంతెత్తుకే చూస్తం’’ అంది.

అద్దంలో చూస్తావా అని అడిగాను, తలకిందులు కనిపిస్తుందని ముందే చెప్పాను. ఆమె గునుగు దిక్కు నుంచి వచ్చింది, నాకు ఎదురుగా, కెమెరా అవతల, లెన్స్‌కు అడ్డం రాకుండా ఒక పక్కగా నిలబడి ఉంది. చుట్టూ తిరిగి రాలేదు. నాటు వేసేటప్పుడు వంగినట్టు నడుము దగ్గర మడిచి, కెమెరా మీదుగా కిందికి వంగింది. తల పూర్తిగా వేలాడి అద్దం ముందుకు వచ్చింది. ఆమె తల మీద నల్లగుడ్డ కప్పాను.

‘‘సీదనే ఉన్నది గదా’’ అంది గుడ్డ లోపలి నుంచి.

ఒక్క క్షణం అర్థం కాలేదు. తరువాత తెలిసింది. ఆమె తల తలకిందులుగా ఉంది కాబట్టి బొమ్మ ఆమెకు నిటారుగా కనిపిస్తోంది. నేల కింద, ఆకాశం పైన, కుడి కుడికే, ఎడమ ఎడమకే. ఇన్నేళ్లలో నేనూ చిన్నాయనా ఆ కెమెరాలో ఎన్నడూ చూడని విధంగా ఆమె చూస్తోంది. నాట్లకు దిగినవాళ్లు రోజుకు ఎన్నిసార్లు అట్లా చూస్తారో.

‘‘పూవు ఆ గొట్టం కన్న పొడువున్నది’’ అంది. కాసేపు ఆగి, ‘‘గొట్టం అలుకుపోయినట్టున్నది, అట్లనే ఉండనీ’’ అంది.

నేను అప్పటికి లెన్స్ వంపు తీసేసి గునుగు కంకి మీద స్పష్టత నిలిపి ఉన్నాను. ఎపర్చర్‌ను ఎఫ్/45కు బిగించినా చిమ్నీ పూర్తిగా పదునుగా రాదు. దాని కోసం ఇంకో ఉపాయం వెతుకుతున్నాను. వెతకడం ఆపేశాను. షట్టర్ మూశాను, హోల్డరు దూర్చాను, పలక లాగాను. మూడు సెకన్లు ఇవ్వాలి, కంకి కదలకూడదు. నేల దగ్గర గాలి తక్కువే ఉంటుంది, అయినా ఆగాను. అవ్వ కూడా ఆగింది, ఊపిరి కూడా వినిపించకుండా. మంచుబొట్టు చుట్టూ తిరిగే చీమ కాడ వెనక్కి పోయింది. తీగ నొక్కి, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి వదిలాను.

‘‘దిగిందా?’’ అంది అవ్వ.

దిగింది అన్నాను.

‘‘ఇగ కోసుకోనా?’’

ఆ ఒక్క గుత్తి ఉంచమని అడుగుదామా అనుకున్నాను, ఇంకో షీటు మిగిలే ఉంది. అడగలేదు, అవి బతుకమ్మకు పోయే పూలు. పలకను హోల్డరులోకి తోసి, మట్టి మీద నుంచి మోచేతులు ఎత్తాను. ఆమె మొదటి కాడను కొడవలితో కోసి, కంకిని విదిలించి మంచు రాల్చి, ఒడిలో వేసుకుంది.